పడవ జేబు చొక్కా

“ఇక విప్పడానికి ఇందులో గుడ్డ లేదురా నాయనా,” అన్నాడు దర్జీ తాత, చొక్కాని బల్ల మీద పరిచి.

బుడ్డోడు చొక్కా వంకే చూస్తూ నిలబడ్డాడు.

బుడ్డోడంటే ఏ రెండడుగుల పిల్లాడో అనుకునేరు. ఆ పేరు పెట్టిన రోజుల్లో సరిపోయింది. ఇప్పుడు దర్జీ కొట్టులోకి రావాలంటే తల వంచాలి. పదిహేనేళ్లకే తండ్రిని దాటిపోయాడు. మీసం మొలుస్తోంది. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు, నోరు తెరిస్తే డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంటుంది.

చొక్కా మాత్రం చిన్నది. నీలం గళ్లది. జేబు మీద ఎర్రదారంతో పడవ బొమ్మ. అమ్మ స్వయంగా కుట్టింది. తాత ఇప్పటికే చేతుల మడతలు విప్పాడు, కింద అంచు దించాడు, చంకల్లో పట్టీలు వేశాడు.

“కొత్తది కుట్టించుకోరాదూ? మీసాలొచ్చే వయసులో పడవల చొక్కాలేంట్రా! నలుగురూ చూస్తే నవ్విపోరూ?”

“ఇదే కావాలి తాతా. ముందువైపు ఇలాగే కనబడితే చాలు.”

“మీ అమ్మ నిన్నింకా పసిపిల్లాడనే అనుకుంటోందా ఏంటి?”

“ఊఁ,” అన్నాడు బుడ్డోడు.

తాత పకపకా నవ్వాడు. నవ్వుతూనే వీపు నిలువునా కత్తిరించి, మధ్యలో పాత కర్టెను ముక్క అతికాడు. ఎదురుగా చూస్తే తెలియదు. వెనక్కి తిరగకుండా ఉంటే సరి.

ఈ మధ్య వాడి వరస అంతా ఇంతే. పొద్దున్నే నాన్న రేజరు తీసి మీసం గీసేసుకుంటాడు. తెగితే మొటిమ గిల్లానంటాడు. రాత్రి భోజనం సగంలో వదిలేస్తాడు, తింటే పొడుగవుతానని. క్లాసులో లేపి అడిగితే జవాబు తెలిసినా నోరు విప్పడు. గొంతు వాడేకొద్దీ ముదురుతుందని వాడి లెక్క, ఎవరు చెప్పారో ఏమో! డ్రిల్లు మాస్టారు చూసి, “నీ ఎత్తు వరంరా, వాలీబాల్ జట్టులోకి రా,” అని వెంటపడ్డాడు. ఆ రోజు నుంచి వీడు గ్రౌండు ఛాయలకే పోలేదు.

పొగరన్నారు టీచర్లు. తిక్కన్నారు స్నేహితులు. వాడికి ఎవరి మాటా తగలడం మానేసి చాలాకాలమైంది. తిమ్మిరెక్కిన కాలు ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది. మిగిలింది ఒక్కటే భయం. అమ్మ కళ్లకి తను పెద్దవాడిగా కనబడతాడేమోనని.

చొక్కా అక్కడే తొడుక్కుని ఇంటిదారి పట్టాడు. వీధి మొదట్లోనే ఎదురింటి పిన్నిగారు తగిలింది.

“అబ్బో, ఎంత ఎదిగిపోయావురా! రేపో మాపో పిల్లని వెతకాలి నీకు!”

ఇంకొకడైతే సిగ్గుపడి నవ్వేవాడు. వీడి మొహం మాడిపోయింది. సందులోంచి తిరిగి ఇల్లు చేరాడు.

నాన్న అప్పుడే బస్సు డిపో నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు.

“మళ్లీ ఆ చొక్కానేనా?”

“ఊఁ.”

“ఎన్నాళ్లని దాస్తావురా? ఎప్పటికైనా అమ్మకి తెలియాల్సిందేగా. పెరగడం నీ తప్పా?”

“తెలిస్తే ఏమవుతుంది నాన్నా?”

నాన్న గోళ్లలో మురికి గీక్కుంటూ మెల్లగా అన్నాడు, “ఇవాళ్టికి వద్దులే. నేను చూసుకుంటా.”

“నేను వెళ్లకపోతే గుమ్మం వంకే చూస్తూ కూర్చుంటుంది.”

నాన్న గ్రీజు గుడ్డ పక్కన పడేసి, గుమ్మంలోంచి జరిగి దారిచ్చాడు.

అమ్మ గది దాటి రాదు. నాలుగేళ్ల కిందట మేడమెట్ల మీంచి పడి తలకి దెబ్బ తగిలింది, అప్పట్నుంచీ అంతే. కిటికీ పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ ఉంటుంది. సాయంత్రం వీడు వెళ్లి పక్కనున్న పొట్టి స్టూలు మీద ముడుచుకుని కూర్చుంటే తల నిమిరి, “వచ్చావా బుడ్డోడా? కాళ్లు కడుక్కున్నావా?” అంటుంది. అంతే. రోజు మొత్తం మీద వాడికి ఏదైనా అనిపించేది ఆ ఒక్క మాట దగ్గరే.

గది ముందు ఆగి పైపెదవి మరోసారి తడిమి చూసుకున్నాడు. మోకాళ్లు కాస్త వంచాడు. మెడ భుజాల్లోకి లాక్కున్నాడు. గోడవారగా నడిచి స్టూలు చేరుకున్నాడు. అమ్మ తువ్వాలు మడతపెడుతోంది, ఇంకా ఇటు చూడలేదు.

కూర్చోబోయేసరికి వీపు మీద కుట్టు పర్రున తెగింది.

“అమ్మా!” అనేశాడు ఉలిక్కిపడి.

సన్నగా అనాల్సిన మాట. బొంగురుగా గదంతా మోగింది. నాన్న గొంతు కూడా అంత లావుగా ఉండదు.

అమ్మ తలెత్తింది. ముందు జేబు మీది పడవని చూసింది. వేలితో తాకింది కూడా. ఆ తర్వాత చూపు మెల్లగా పైకి పాకి, మెడ దాటి, గడ్డం దాటి, పెదవి మీది గాటు దగ్గర ఆగింది. వాడు తల వంచి కూర్చున్నాడు. నిమురుతుందని.

చెయ్యి రాలేదు. అమ్మ తువ్వాలు పక్కన పెట్టి, కాస్త వెనక్కి జరిగి, గుమ్మం వైపు ఆత్రంగా చూసింది.

“ఎవరు బాబూ మీరు, పదకొండేళ్ల మా బుడ్డోడి చొక్కా తొడుక్కొచ్చారు, వాడేడి?”