కింది ఎడమ ఆరు

"పన్ను చూసుడెందుకు బేటీ? ఓ నొప్పి గోలీ ఇచ్చి పంపియ్యరాదు!" అన్నాడు అబ్దుల్ బారీ.

ఉజ్మాకు చిర్రెత్తుకొచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో పళ్ల డాక్టరు తను. ఈయనేమో గిన్నెల కొట్టు ఆసామి. కన్నతండ్రి అయిపోయాడు కాబట్టి ఊరుకుంది.

"చూడకుండ గోలీ ఎట్లిస్త అబ్బా? బుగ్గ బూరె లెక్క ఉబ్బింది."

కుర్చీలో ఉన్నది జఫర్‌గఢ్ ఐలేశ్. సకల జనుల సమ్మె రోజులవి. తెలంగాణ వచ్చేదాకా మెతుకు ముట్టనని బస్టాండు ముందు టెంటులో ఆమరణ దీక్షకు కూర్చున్నాడు. ఇది నాలుగో రోజు. ఊరు ఊరంతా అతని వెనకే ఉంది.

బారీ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మొదటి దండ వేసింది ఆయనే. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే వేణ్నీళ్ల ఫ్లాస్కుతో టెంటులో హాజరు. ఎవర్నీ ముట్టనివ్వడు, తనే పట్టి తాగిస్తాడు. "చాటుగ తింటున్నడేమో" అని నవ్విన ముత్తయ్య మీదికి నడిబజార్లో లేచింది కూడా ఆయనే. "ఆ పోరని నోట్ల మెతుకు దొరికితే నా గడ్డం గీకిచ్చుకుంట!" అనేశాడు.

ఆ ముత్తయ్య ఇప్పుడు జనంతో పాటు గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఉజ్మా చిన్న అద్దం, కొక్కెం సూది చేత పట్టింది. ఆమెది ఒకటే కట్టుబాటు. నోట్లో ఏది కనబడితే అది పైకి పలకాలి. పక్కనున్న అసిస్టెంటు ఖుష్బూ అదే మాట మళ్లీ అని పళ్ల చార్టులో ఆ పంటి నంబరు దగ్గర గుర్తు పెట్టాలి. దాచేది లేదు, దాటేసేది లేదు.

"పై కుడి ఆరు, చిన్న పుచ్చు."

"పై కుడి ఆరు, చిన్న పుచ్చు," అంది ఖుష్బూ.

"పై ఎడమ ఆరు, మంచిగున్నది. కింది ఎడమ ఆరు..."

ఉజ్మా మాట ఆగిపోయింది.

పుచ్చు లోతుగా ఉంది. సూది మొనకు ఏదో తగిలి పైకి వచ్చింది. కొత్తిమీర ఆకు, దానికి అంటుకుని ఇంత పప్పు. నాలుగు రోజుల నాటిదైతే నల్లబడి కంపు కొట్టేది. ఇది పచ్చగా నిగనిగలాడుతోంది.

ఐలేశ్‌కు తెలిసిపోయింది. బారీ వైపు బెదురుగా చూశాడు. కళ్ల వెంట నీళ్లు జారాయి.

ఛీ, ఇతని కోసమా ఊరంతా పనులు మానుకున్నది! దొరికిపోయింది అతనైతే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది ఉజ్మాకు.

"ఆగినవేంది బేటీ?" బారీ గడ్డం పట్టుకున్నాడు.

"ఏందమ్మా, ఏమన్న దొరికిందా?" ముత్తయ్య తల లోపలికి పెట్టాడు.

చెబితే ఐలేశ్ తల ఎత్తుకు తిరగలేడు. అతని ఖర్మ అనుకోవచ్చు. కానీ ఈ ముసలాయన మాటేం కావాలి? నలుగురిలో ఆ గడ్డం ఏం కావాలి?

ఆకును దూదిలో చుట్టి పిడికిట్లో దాచేసింది.

"కింది ఎడమ ఆరు, లోతు పుచ్చు. గంతే."

ఖుష్బూ ఆ పిడికిలి కేసి ఒకసారి చూసింది. "లోతు పుచ్చు, గంతే," అని గుర్తు పెట్టింది.

ఉజ్మా పుచ్చు కడిగి మందు పెట్టింది.

"అక్కా, నేను..." అన్నాడు ఐలేశ్.

"ఇగ నోరు మూస్కో తమ్మీ."

జనం జై తెలంగాణ అంటూ అతణ్ని భుజాల మీదికెత్తుకున్నారు. ముత్తయ్య మాత్రం వెనక్కి వచ్చి బారీ చేతులు పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి బారీ సాబ్. నా నోరు మంచిది కాదు."

ఉజ్మాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అబద్ధమాడితే అన్నం పుట్టదని పెంచిన మనిషి ఎదురుగానే అబద్ధమాడింది. పైగా చార్టు సాక్షిగా. ఆయన ముఖం చూడలేక, కడిగిన చేతులనే మళ్లీ మళ్లీ కడుగుతూ నిలబడింది.

అందరూ వెళ్లాక బారీ తలుపు దగ్గరికి వేశాడు. పక్కకొచ్చి, తలొంచుకుని గడ్డం నిమురుకున్నాడు.

"రేపటి సంది ఫ్లాస్కుల పోసే పప్పుల కొత్తిమీర వెయ్యద్దని మీ అమ్మీకి చెప్పు బేటీ," అన్నాడు.