బేరాలు పిలిచే తల్లి

సోమ్నుక్ కత్తి పట్టుకుని తన కొట్టుకి ఎదురుగా ఉన్న నూడుల్స్ కొట్లోకి దూకాడు. చెయ్యూపి బేరాల్ని పిలిచే నాంగ్ క్వాక్ తల్లి బొమ్మ గల్లాపెట్టె మీద కూర్చుని ఉంది.

"నా బేరాలన్నీ లాగేసేది ఇదేగా!"

కొట్టు నడిపే లమ్యై అడ్డం పడింది. "అమ్మవారి జోలికి రాకు, అన్నా!"

వేటు ఆమె చేతి మీద పడింది. బొమ్మ కిందపడి పగిలింది. తింటున్నవాళ్లు పారిపోయారు.

సోమ్నుక్ భార్య చంపా పరిగెత్తుకొచ్చి, భుజం మీది తువ్వాలుతో లమ్యై గాయం బిగించి కట్టింది.

"దాన్ని వదిలెయ్! మన నోట్లో మట్టి కొట్టింది!" అని అరిచాడు సోమ్నుక్.

"అమ్మవారూ పిలవలేదు, ఈమె కూడా పిలవలేదు. మన దగ్గరికొచ్చిన వాళ్లని నేనే ఇటు పంపిస్తున్నా. ఉప్పెక్కువైందన్న పాపానికి మొన్నొక ముసలాయన మొహాన కాగే పులుసు కొట్టావు. ఇంకెవరు కాలాలి?"

సోమ్నుక్ కత్తి జారవిడిచి, ఒక్కడుగు ముందుకేశాడు.

చంపా గబుక్కున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

అతనక్కడే ఆగిపోయాడు.