ఎమ్రిస్ గారి అభిప్రాయం

"మళ్ళీ మోసం చేశారమ్మా లండన్ వాళ్ళు" అన్నాడు యలమందయ్య, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

రాయచూరు జిల్లాలో, తుంగభద్ర కాలువ పక్కన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు అది. అక్కడ వడ్ల ధర మీద కోపం ఉన్నవాళ్ళు ఇంటికొకరు దొరుకుతారు. లండన్ మీద కోపం ఉన్నది మాత్రం యలమందయ్య ఒక్కడికే. ఆ కోపం అంటించింది ఎమ్రిస్.

ఎమ్రిస్ వేల్స్ దేశస్థుడు. ఇంగ్లండు పక్కనే ఉంటుందట ఆ దేశం. కొండలు, గొర్రెలు, వాన. తమ వాళ్ళు లండన్ పెత్తనం నుంచి బయటపడాలని ఆయన పట్టుదల. ఇదంతా కోడలు శ్యామలాదేవి చెబితే తెలిసింది.

యలమందయ్యకు ఇంగ్లీషు రాదు. శ్యామలాదేవి పెళ్ళికి ముందు ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేసింది. అందుకని ప్రతి సోమవారం పొద్దున ఆమె ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. అక్కడి పత్రికలో వారం వారం వచ్చే ఎమ్రిస్ గారి అభిప్రాయాలు తెలుగులో చెబుతుంది. మామగారు కళ్ళు మూసుకుని వింటాడు.

"మా పన్నులన్నీ లండన్ ఊడ్చుకుపోతుంది. చెంచాతో కాస్త వెనక్కి పోసి, దానం చేశామంటుంది" అన్నారు ఎమ్రిస్ గారు ఒకసారి.

"లండన్ తీసేసి బెంగళూరు పెట్టమ్మా. అక్షరం మార్చక్కర్లేదు" అన్నాడు యలమందయ్య.

ఇంగ్లండులో వేసే రైలు దారి ఖర్చును వేల్స్ లెక్కలో కూడా ఎందుకు రాశారని ఎమ్రిస్ గారు మండిపడితే, యలమందయ్యకు ఆ రోజు అన్నం సయించలేదు. పల్లెల్లో బ్యాంకులు మూసేస్తున్నారంటే వేల్స్ ముసలివాళ్ళ మీద జాలిపడ్డాడు. ఆడపిల్లల్ని చదివించని ఊరు ఒంటికాలి మీద నడిచినట్టే అన్నారు ఎమ్రిస్ గారు ఒకసారి. అంతే, యలమందయ్య మనవరాలు స్ఫూర్తిని రాయచూరు కాలేజీలో చేర్పించాడు. అంతకుముందు ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినలేదు మరి.

బయటినుంచి వచ్చినవాళ్ళు తమ భాష నేర్చుకోవడం లేదని ఎమ్రిస్ గారు వాపోయిన వారం మాత్రం యలమందయ్య కాస్త ఇబ్బందిగా కదిలాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ కర్ణాటకలోనే ఉన్నాడు. కన్నడంలో కూలీలను పిలవడం, తిట్టడం తప్ప ఇంకేం రాదు. ఆ సాయంత్రమే కిరాణా కొట్టు మౌనేశ్‌ దగ్గర 'చెన్నాగిద్దీరా' అని క్షేమం అడగడం నేర్చుకున్నాడు.

ఈ సోమవారం ఎమ్రిస్ గారి కంటే ముందు పంపమ్మ వచ్చింది. అదే కాలువ కింద చివరి పొలం ఆమెది. మనిషి ఎండిపోయి ఉంది.

"గిట్ల జేస్తే ఎట్ల సావుకారూ? అమాస సంది నా పొలంల చుక్క నీళ్ళు లేవు. వరి పొట్ట మీదుంది. ఈ ఒక్క తడి అందకుంటే తాలే మిగుల్తది. కాల్వల మీ మోటరు రెండు దినాలు బంద్ పెట్టుండ్రి."

"నేనొక్కణ్ణే తోడుతున్నానా? పై క్యాంపు వాళ్ళనడుగు. ఆఫీసర్లనడుగు" అన్నాడు యలమందయ్య.

"వాండ్లకు నేను కండ్లకు ఆనుతనా? మీరంటే దగ్గరున్నరు."

ఆయన అరుగు మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. పంపమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

"మావయ్య గారూ, పాపం ఆవిడ..." అంది శ్యామలాదేవి.

"ఈ కాలువ గొడవలు నీకెందుకమ్మా. ఎమ్రిస్ గారేమన్నారో చూడు."

శ్యామలాదేవి ఫోను తీసింది. ఈసారి నీళ్ళ మీదే ఉంది విషయం.

"మా లోయ ముంచి, ఇంగ్లండులో ఒక నగరానికి నీళ్ళు పట్టుకుపోయారు. ఊళ్ళు పోయాయి, గుడులు పోయాయి. ఆ నీళ్ళు తాగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. కొళాయి తిప్పితే వచ్చాయి, తాగారు. పైనున్నవాడికి కిందివాడి గొంతు ఎండటం కనపడదు, అంతే."

"బ్రహ్మాండం" అన్నాడు యలమందయ్య.

"మొన్న మా పొరుగు ముసలావిడ వచ్చింది. నీ గొర్రెల తొట్టికి వేసిన పైపు వల్ల నా తోట ఎండిపోతోందంది. లండన్ వెళ్ళి అడగమన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడకి లండన్ ఎక్కడో లేదు. నేనే."

యలమందయ్య కళ్ళు తెరిచాడు. బ్రహ్మాండం అనలేదు. బెంగళూరు పెట్టమనీ అనలేదు. చెప్పులేసుకుని, కండువా కూడా మరిచిపోయి, కాలువ గట్టుకు నడిచాడు. మోటారు చప్పుడు ఆగిపోవడం ఇంటిదాకా తెలిసింది.

పొలం తడిశాక పంపమ్మ జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చింది.

"నాకెందుకమ్మా ఇవి? ఎమ్రిస్ గారికివ్వాలి" అన్నాడు యలమందయ్య.

"ఆయనెవరు? ఏ క్యాంపాయన?"

"చాలా దూరంలే."

పంపమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ దూరపాయన పిల్లాపాపలతో సల్లగుండాలని దీవించి పోయింది.

యలమందయ్య రొట్టె తుంచుతూ ఆలోచనలో పడ్డాడు.

"అమ్మాయ్, ఎమ్రిస్ గారికి పెళ్ళాం ఉందా?"

"ఆ సంగతి ఎప్పుడూ రాలేదు మావయ్య గారూ."

"ఉండే ఉంటుంది. మగవాడికి ఇంత ఇంగితం ఊరికే రాదు. ఇంట్లో ఎవరో చెబుతూ ఉండాలి."

"కనుక్కుంటాను" అని శ్యామలాదేవి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద పప్పు కలుపుతూ, ఎమ్రిస్ అనే మనిషిని పుట్టించినప్పుడు పెళ్ళి చేయడం ఎలా మరిచిపోయానా అనుకుంది.