పచ్చచీర కొంగుముడి

ఆటోనగర్ షెడ్డులో పాత పాలిస్టర్ చీరల్ని ప్రెషర్ ట్యాంకులో వేసి, నీళ్లు పోసి ఉడికిస్తారు. చివరికి గుడ్డంతా కరిగిపోయి తెల్లటి పొడి మిగులుతుంది. ట్యాంకులో వేసేముందు కొంగుముళ్లు విప్పడం చౌడేశ్వరి పని. ఆ రాత్రి ఓ పచ్చచీర కొంగుముడి విప్పితే లవంగం దొరికింది. పన్ను సలుపుతోందని దాన్ని బుగ్గన పెట్టుకుంది.

తెల్లవారుజామున ఆపరేటర్ దుర్గాశంకర్ మూత తీశాడు. తెల్లటి పొడి మధ్య పచ్చటి ముడి ఒకటి చెక్కుచెదరకుండా ఉంది.

“విప్పకుండానే వేశావా, చౌడేశ్వరీ?”

“లేదండీ, నా చేత్తోనే విప్పాను.”

ముడిని ఆమె అరచేతిలో పెట్టాడు. లవంగం వాసన గుప్పుమంది. వేళ్లకు లోపల గట్టిగా ఏవో రెండు తగిలాయి.

చౌడేశ్వరి నాలుకతో బుగ్గన తడుముకుంది. లవంగం లేదు. సలిపే పన్నూ లేదు.