రోడ్డు వైపు పొలం

"ఆ ఎరువు మూటలు వెనక పొలానికే వెయ్యాలి స్టెనెట్ గారూ," అంది హెస్టర్, బురదలోంచి పెకలించిన గోధుమ మొక్కను ఆయన ముఖం ముందు పెట్టి. "ఇక్కడి వేరు చూడండి, కుళ్ళిపోయింది. చచ్చిన వేరుకు ఆకలి ఉండదు."

పంటల సలహాదారుగా ఆమెకు అది మూడో ఏడు. రోలాండ్ స్టెనెట్‌కు ఇంగ్లండులోని ఈ లింకన్‌షైర్ పల్లపు నేలలో నలభయ్యో పంట. అక్టోబరు నుంచి కురిసిన వాన రోడ్డు వైపు పొలాన్ని మడుగు చేసి వదిలింది. మెరక మీదున్న వెనక పొలం ఆకలికి పసుపుబారినా బతికే ఉంది. కొట్టంలో మిగిలిన నత్రజని ఎరువు ఒక్క పొలానికే సరిపోతుంది. ఆ ఒక్కటైనా పండకపోతే కౌలు నిలవదని ఇద్దరికీ తెలుసు.

"వెనక పొలాన్ని దేవుడు తప్ప ఎవడు చూస్తాడు?" అన్నాడు రోలాండ్.

"దేవుడి సంగతి నాకు తెలియదండీ. గోధుమకైతే చూసేవాళ్ళతో పనిలేదు."

ఆయన చూపు రోడ్డు మీదే ఉంది. పొరుగు రైతు కాక్‌వెల్ బండి వస్తోంది. నెల రోజులుగా పొద్దున్నే ఇదే వరస. సరిగ్గా ఈ పొలం దగ్గర వేగం తగ్గుతుంది, అద్దం దిగుతుంది, ఆ బట్టతల ఇటు తిరుగుతుంది, బండి కదిలిపోతుంది. పలకరింపు లేదు, చెయ్యెత్తడమూ లేదు. సాయంత్రం పబ్బులో ఎవరి పంట గురించి నవ్వుకుంటారో ఊహించడానికి రోలాండ్‌కు పెద్ద తెలివి అవసరం కాలేదు.

ఇంకో మాట మాట్లాడితే గెంటిస్తానని ఆమెతో అన్నాడు. సలహా ఇచ్చినట్టూ, ఆయన కాదన్నట్టూ పుస్తకంలో రాసుకుని హెస్టర్ వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి రోలాండ్ ఆఖరి మూట దాకా రోడ్డు వైపు పొలంలోనే చల్లేశాడు.

మూడు వారాలకు కూడా ఆ పొలం లేవలేదు. పిలకలు ఒక్కొక్కటే చచ్చి వెనక పొలం పలచబడింది. కాక్‌వెల్ బండి మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

ఆ ఉదయం రోలాండ్ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇంకా తనివి తీరలేదా? దిగు, దగ్గరికొచ్చి చూడు. రెండు పొలాలూ పోయాయి. నువ్వు నవ్వుతావని ఉన్న ఎరువంతా ఈ శవానికి తినిపించాను."

కాక్‌వెల్ ఇంజను ఆపాడు. దిగలేదు. పొలానికి ఆవల రోలాండ్ ఒంటరిగా ఉండే ఇంటి వైపు చూపించాడు.

"నీ గోధుమ ఎవడికి కావాలి?" అన్నాడు విసుగ్గా. "పొద్దున్నే లేచి నీ వంటింటి కిటికీ తెర తీశావో లేదో చూసి పోతున్నాను. మా తమ్ముడు ఒంటరిగా చచ్చిపడి ఉన్నప్పుడు వాడి కిటికీ తెర మూడు రోజులు మూసే ఉంటే, పట్టించుకోకుండా ఇంటి ముందునుంచే పోయాను."