యాకయ్య దొరికిన రోజు

బక్కమ్మ మెడలోని పుస్తెలతాడు తెంపుకొని యాకయ్య పరుగు తీసినప్పుడు, కానిస్టేబుల్ ఎల్లస్వామి రోడ్డుకు ఇవతల ఉప్పలయ్య హోటల్లో చాయ్ తాగుతున్నాడు.

దవాఖానలో ఉన్న మొగుడికి అన్నం పట్టుకొని ధర్మసాగర్ నుంచి వచ్చిన ముసలామె, హనుమకొండ చౌరస్తాలో పట్టపగలు నేల మీద పడి ఉంది. అన్నం గిన్నె దొర్లిపోయింది. గుంజిన గుంజుడుకు మెడ కోసుకుపోయి రవికె మీదికి రక్తం కారుతోంది.

“నా పుస్తెలు బిడ్డా... నా పుస్తెలు పాయె” అంటూ మెడ తడుముకుంటోంది.

ఎల్లస్వామి గ్లాసు కింద పెట్టి లేచాడు.

“కూసోరాదు సారూ” అన్నాడు ఉప్పలయ్య. “ములుగు నుంచి అచ్చి నాలుగొద్దులు కాలే, నీకెర్కలేదు. ఆడు యాకయ్య. నూరు మీటర్లు పదకొండు సెకండ్లల్ల ఉరికినోడు. రెండేండ్ల సంది ఒక్క పోలీసాయనకు దొరకలే.”

సొంత కొడుకు గురించి చెప్పుకున్నంత గర్వంగా చెప్పాడా మాట. అతని వెనక గోడకు, దేవుళ్ళ పటాల పక్కనే యాకయ్య ఫొటో. మెడలో బంగారు పతకం, భుజాల దాకా దండలు.

ఎల్లస్వామికి యాకయ్య ఎరుక కాకపోవడమేమిటి? డెబ్భై నాలుగులో జిల్లా పోటీల్లోనూ, ఆ తరవాత రాష్ట్రం పోటీల్లోనూ ఆ వీపునే చూస్తూ పరుగెత్తి రెండోవాడుగా వచ్చాడు. దేశంలోనే ఫస్టు వచ్చి యాకయ్య జీపులో ఊరేగితే, కాజీపేట నుంచి చౌరస్తా దాకా ఆ జీపు వెనక ఈలలేసుకుంటూ నడిచాడు. ఆ మనిషి ఇవాళ ఒక ముసలిదాని మెడ కోసి పోతున్నాడు.

ఎల్లస్వామి బూట్లతోనే ఉరికాడు.

బజారంతా పక్కకు జరిగి దారిచ్చింది. దారిచ్చింది ఎల్లస్వామికి కాదు, యాకయ్యకు. బత్తాయిల బండివాడు బండిని వెనక్కి లాక్కొని, యాకయ్య దాటిపోగానే మళ్ళీ ముందుకు తోశాడు. “ఉరుకు యాకన్నా” అని సైకిల్ షాపు ముందు ఎవడో కేకేశాడు. ఇంకొకడు ఈల వేశాడు. పాన్ డబ్బా ఆయన చేతి గడియారం చూసి సెకండ్లు లెక్కపెడుతున్నాడు. కింద పడ్డ ముసలామెను లేపడానికి మాత్రం ఒక్కడూ కదల్లేదు.

బస్టాండు వెనక సందు మలుపు తిరిగేసరికి యాకయ్య గోడకు చేయి ఆనించి వంగి రొప్పుతున్నాడు. లుంగీ మీదికి పొట్ట జారింది. దగ్గరికి పోతే గుప్పున సారా కంపు కొట్టింది. ఎల్లస్వామి అతని మెడ పట్టి గోడకు అదిమాడు.

“ఎవరూ, ఎల్లస్వామా? నువ్వానే తమ్మీ” అన్నాడు యాకయ్య, కొంచెం కూడా బెదరకుండా. “గింతగనం ఉరుకుతరా? జర ఊపిరి తీసుకోనియ్యి.”

“పుస్తెలు ఇటు తే.”

యాకయ్య పిడికిలి విప్పాడు. పసుపుతాడు రక్తంతో తడిసి ఉంది. “థూ, ముసలిదాని చెమట. చెయ్యంతా జిగటజిగటైంది” అని అరచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. తరవాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “ఇన్నేండ్లకు ఫస్టు అచ్చినవ్ పో.”

ఎల్లస్వామి చాచి కొట్టాడు.

కొట్టాక తెలిసింది, ఆ మాటకు తన గుండె ఒక్క క్షణం పొంగిందని. యాకయ్యను దాటాననే సంబరం. ముసలిదాని నెత్తురు చేతిలో పెట్టుకొని పడ్డ సంబరం. తన ఒంటిని తానే కడుక్కోవాలనిపించింది.

ఠాణా దాకా యాకయ్య ఊరి పెద్దమనిషిలా నడిచాడు. దారి పొడుగునా నమస్తేలు. ఒకడు ఎదురొచ్చి నోట్లో బీడీ పెట్టి అంటించి పోయాడు. ఠాణా వరండాలోకి ఎక్కి, అలవాటైన చోటులా బెంచీ మీద కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు.

బక్కమ్మ కొంగు మెడకు అదుముకొని వెనకే వచ్చి మెట్ల మీద కూలబడింది. ఎల్లస్వామి చేతిలో తాడు చూసి లేవబోయింది.

“కూసో అవ్వా. ఎస్సై సారుకు చూపెట్టి తెచ్చిస్త.”

“చల్లగుండు కొడుకా. నీ కాళ్ళు చల్లగుండ.”

లోపల ఎస్సై సారంగపాణి పేపరు చదువుతున్నాడు. ఎల్లస్వామి సెల్యూట్ కొట్టి, పుస్తెలతాడు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు. ఎస్సై పేపరు మడిచి, కిటికీలోంచి బెంచీ వైపు ఒకసారి చూశాడు.

“యాకయ్యను పట్టుకచ్చినవా?”

“అవ్ సార్.”

“ఎక్కడ దొరికిండు?”

“బస్టాండు ఎనుక సందుల సార్.”

“ఎంత సేపు ఉరికినవ్?”

“రెండు నిమిషాలు గూడ కాలే సార్” అన్నాడు ఎల్లస్వామి. ఎంత అణచుకున్నా గొంతులో గర్వం దాగలేదు.

సారంగపాణి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. బల్ల మీది పుస్తెలతాడును రెండు వేళ్ళతో ఎత్తి, తన సొరుగులో వేసి మూశాడు.

“నాలుగడుగులు ఉరికితే రొప్పుతడయ్యా వాడు. ఠాణాల పదిహేనుమందిమి ఉండి రెండేండ్ల సంది వాన్ని పట్టుకోలేదంటే, మాకు ఉరకరాకనే అనుకున్నవా?”