చిరిగిన రేకు

అయినా జ్వరం తనకొస్తే పొయ్యి ఎందుకు అలగాలి, అనుకుంది మాణిక్యాంబ. ఒంటి సంగతి కనిపెట్టే మణికట్టు పట్టీ ఎర్రబడితే చాలు, ఈ కాలపు పొయ్యిలు ఆ చేతికి వెలగవు. పెళ్లివారికి సాయంత్రానికల్లా రెండువందల పూతరేకులు అందాలి. అందుకే పట్టీ ఆకుపచ్చగా మారేదాకా ఉండనీ అని, పెరట్లో మేక కాలికి కట్టి వచ్చింది.

కోడలు దేవసేన నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యగారూ, మీకు మూడో నెలని నా ఫోనుకి కబురొచ్చిందండీ! చూలు మేకకి కట్టారా?"

"ఛీ, నోర్ముయ్," అంది మాణిక్యాంబ, తనూ నవ్వాపుకోలేక.

"జ్వరంతో పోరాడి మీ కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలు నలిగిపోయాయండి. కణాలు వాటిని కరిగించి, ఆ సరుకుతోనే కొత్తవి కట్టుకుంటున్నాయి. రెండ్రోజులు వాటి పని వాటిని చేసుకోనివ్వండి. రేకులు నేను తీస్తా."

దేవసేన చెయ్యి తగలగానే పొయ్యి వెలిగింది. గుడ్డ పిండిలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి లాగింది. రేకు చిరిగింది. ఆమె మొహం చిన్నబోయింది.

ముప్పై ఏళ్లుగా మాణిక్యాంబ ఆ గుడ్డను ఎవరికీ ఇవ్వలేదు. రేకు చిరుగుతుందని అందరితో అనేది. నిజానికి ఇంకొకరి చేతిలో చిరగదేమోనన్నదే తన భయమని ఇప్పుడే తెలిసి సిగ్గేసింది. పాతవి కరిగించి కొత్తవాటికి చోటిచ్చే తన కణాలకున్నపాటి ధైర్యం తనకు లేకపోయిందే!

"చిరిగిందని ఎవరైనా పారేస్తారా పిల్లా," అంటూ ఆ రేకును బెల్లప్పొడిలో అద్ది నోట్లో వేసుకుంది. గుడ్డను మళ్లీ పిండిలో ముంచి, కోడలి చేతిలో పెట్టింది.